పొదిగిన పిల్లలు తల్లికోడి కిందే చనిపోతున్నాయి, అన్నీ తెల్లారేసరికే

ప్రశ్న

అందరికీ నమస్కారం. కొంచెం పెద్దదే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఏం చేయాలో తోచడం లేదు.

మాకు ఆరు పెట్టలు, ఒక పుంజు. వాటిలో ఎర్ర పెట్ట మొదటిసారి పొదుగుకొచ్చింది. గూడు వదలదు, చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని పొడుస్తుంది, పొట్ట కింద ఈకలు పీకేసుకుంది. సరేనని ఒక ఆదివారం రాత్రి తొమ్మిది గుడ్లు పెట్టి పొదగేశాను. పాత చెక్కపెట్టె, లోపల ఎండుగడ్డి. ఇంతకుముందు రెండు పెట్టలు ఆ పెట్టెలోనే పొదిగాయి, అప్పుడు ఇబ్బందేమీ రాలేదు. నాలుగో రోజు ఎర్ర పెట్ట మేతకి దిగినప్పుడు చూస్తే గుడ్లు పదకొండు ఉన్నాయి. ఇంకేదో పెట్ట వచ్చి అందులో పెట్టేసింది. అన్నీ ఒకే రంగు, ఏవి కొత్తవో పోల్చుకోలేకపోయాను. ఉండనిమ్మని వదిలేశాను.

ఇరవయ్యో రోజు సాయంత్రం పెట్ట దిగిన కాసేపట్లో గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల్నుంచి కిచకిచ వినిపించింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇరవై ఒకటో రోజు, అంటే ఈ ఆదివారం పొద్దున్నే మొదటి పిల్ల బయటికొచ్చింది. సాయంత్రానికి ఐదయ్యాయి. సోమవారం పొద్దున లెక్కపెడితే ఏడు, కానీ అందులో ఒకటి చనిపోయి ఉంది. గడ్డిలో అణిగిపోయి, కాగితంలా పల్చగా అయిపోయింది. పోనీలే, తొక్కిందేమో, మొదటిసారి కదా అనుకున్నాను.

మంగళవారం పొద్దున ఇంకో రెండు. ఒకటి పెట్టె లోపలే ఒక మూల, రెండోది పెట్టె బయట నేల మీద. రెండింటికీ గాయం లేదు, రక్తం లేదు. బయట పడిందాన్ని చేతిలోకి తీసుకుంటే రాయిలా చల్లగా ఉంది. ఈరోజు బుధవారం, పొద్దున మళ్లీ ఒకటి. అంటే ఏడింటిలో నాలుగు పోయాయి. పగలంతా బాగానే ఉంటున్నాయి. అమ్మ రెక్క కిందనుంచి తలలు బయటపెట్టి చూస్తాయి, నేను వేసిన స్టార్టర్ మేత, అంటే కోడిపిల్లల మేత, రెండు గింజలు ముక్కుతో కొడతాయి. సాయంత్రం చూసి పడుకుంటే పొద్దున ఒకటి తగ్గుతోంది.

పెట్ట కూడా నాకు తేడాగా కనిపిస్తోంది. జుట్టు ఎర్రగా ఉండేది, తెల్లబడింది. నిన్న రాత్రి నీళ్లు తాగడానికి లేచి ఊరికే చూశాను. గూట్లో నిలబడి ఉంది. కూర్చుంటుంది, మళ్లీ లేస్తుంది, కాళ్లు మార్చుకుంటుంది. మళ్లీ ఒంటిగంటకి చూసినా అంతే.

ఇంకా నాలుగు గుడ్లు కిందే ఉన్నాయి. ఒకదానికి ఈరోజు మధ్యాహ్నం చిన్న బొక్క పడింది, లోపల పిల్ల కూస్తోంది.

నా అనుమానం, ఈ పెట్టకి పిల్లల్ని పెంచడం రాదేమోనని. ఉన్న మూడింటినీ తీసేసి నేనే పెంచనా? ఆ బొక్క పడిన గుడ్డు పెంకు ఒలిచి పిల్లని బయటికి తీయనా? ఈ రాత్రి లోపు ఎవరైనా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

జవాబు

అక్కా, నా సలహా, ఆలస్యం చేయకుండా తీసేయండి. మొదటిసారి పొదిగే పెట్టలు కొన్ని ఇలాగే తొక్కేస్తాయి. మా దగ్గర ఒకటి మొదటి పిల్లని చూసి బెదిరిపోయి తల మీద పొడిచి చంపింది. అట్టపెట్టెలో బల్బు పెట్టి పెంచుకోవచ్చు. మొదటి వారం పిల్లలుండే చోట 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ వెళ్లండి. థర్మామీటర్ లేకపోతే పిల్లల్నే చూడండి. బల్బు కింద గుంపుగా దూరిపోతుంటే చలి, దూరంగా పారిపోయి నోరు తెరుస్తుంటే వేడెక్కువ. చెల్లాచెదురుగా పడుకుంటే సరిపోయినట్టు.

గుడ్డు మాత్రం ఒలవకండి. బొక్క పడ్డాక పిల్ల బయటికి రావడానికి ఒక్కోసారి పూర్తిగా ఒక రోజు పడుతుంది. లోపలి పొరలో ఇంకా రక్తనాళాలుంటాయి, తొందరపడి ఒలిస్తే రక్తం కారి చనిపోతుంది.

జవాబు

పై మాటలో గుడ్డు సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. పిల్లల్ని తీసేయమన్నది మాత్రం నేను ఒప్పుకోను, ఇంకా కారణం తెలియలేదు కాబట్టి. నేను కొన్నేళ్లు పశువైద్యుడి దగ్గర సహాయకుడిగా చేశాను, ఇంట్లో కోళ్లు ఎప్పుడూ ఉంటాయి. ఇలాంటివి చాలా చూశాను.

మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. అన్నీ తెల్లారేసరికే చనిపోయి కనిపిస్తున్నాయి, పగలు ఒక్కటీ పోలేదు. ఈ మాట దగ్గర ఆగిపోయాను.

పిల్లలకి జబ్బయితే పగలూ రాత్రీ చూసుకోదు. గుడ్డు మురికిదైనా, గూడు తడిగా ఉన్నా బొడ్డు దగ్గర సూక్ష్మజీవులు చేరతాయి. బొడ్డు మూసుకోదు, చెమ్మగా నల్లగా ఉంటుంది. పొట్ట ఉబ్బుతుంది, చచ్చిన పిల్ల దగ్గర దుర్వాసన వస్తుంది. తల్లి నుంచి గుడ్డు ద్వారా వచ్చే తెల్ల పారుడు అయితే వెనకవైపు తెల్లటి రెట్ట అంటుకుని గట్టిపడి ఉంటుంది, పిల్లలు మూలన ముడుచుకుని కళ్లు మూసుకుంటాయి. మీ పిల్లలు పగలు తలలు బయటపెట్టి చూస్తున్నాయి, గింజ కొడుతున్నాయి. అందుకే జబ్బు నా మొదటి అనుమానం కాదు. అయినా ఈరోజు పోయిన పిల్లని పూడ్చకపోతే ఒకసారి వెల్లకిలా తిప్పి బొడ్డు, వెనకవైపు చూడండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి, చిన్నపిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

ఎలుక వస్తే కొరుకుతుంది, లాక్కుపోతుంది. పాము వస్తే పిల్ల ఆనవాలే ఉండదు, లెక్క తగ్గుతుంది అంతే. చీమలైతే పిల్ల ఒంటి మీద ఇంకా పట్టి ఉంటాయి, పొద్దున మీ చేతికి కూడా ఎక్కేవి. పెట్ట పొడిచి ఉంటే తల మీద, వీపు మీద గాయం కనిపిస్తుంది. ఇవేవీ లేవంటున్నారు.

ఇక మిగిలింది మీరే రాశారు. రాత్రిపూట పెట్ట కూర్చోలేకపోతోంది, లేచి నిలబడుతోంది, జుట్టు తెల్లబడింది. పెట్టె పాతది, చెక్కది, ముందు రెండు పెట్టలు అందులో పొదిగాయి. నాకు కోడిపేను మీద గట్టి అనుమానం. ఈకల్లో తిరిగే మామూలు పేను సంగతి కాదు నేను చెప్పేది. పగలంతా చెక్క సందుల్లో దాక్కుని, చీకటి పడ్డాక బయటికొచ్చి రక్తం తాగి, తెల్లారేలోపు మళ్లీ సందుల్లోకి పోయే ఎర్రపేను. మిల్లీమీటరు కూడా ఉండదు. ఆకలితో ఉంటే బూడిద రంగు, తాగాక ఎరుపు. పగలు కోడి ఈకలు ఎంత వెతికినా దొరకదు, అందుకే చాలామంది పట్టుకోలేరు. పొదిగే కోడి ఇరవై ఒక్క రోజులు అదే చోట కూర్చుంటుంది, దానికి అంతకంటే ఏం కావాలి.

వందల కొద్దీ కుడుతుంటే పెట్ట కూర్చోలేదు. లేచిన ప్రతిసారీ పిల్లల మీద నుంచి వెచ్చదనం తీసేసినట్టే. మళ్లీ కూర్చునేటప్పుడు చీకట్లో కాలి కింద ఏ పిల్ల ఉందో దానికి తెలియదు. మీ మొదటి పిల్ల అలా అణిగి ఉంటుంది. బయట దొరికింది అమ్మ ఈకలకి పట్టుకుని వేలాడుతూ బయట జారిపడి ఉంటుంది. రెండు రోజుల పిల్ల ఆ గోడ ఎక్కి మళ్లీ లోపలికి పోలేదు. పైగా ఆ పేను పిల్లల రక్తమూ తాగుతుంది. అరచేతిలో పట్టేంత పిల్లలో ఎంత రక్తం ఉంటుంది చెప్పండి.

పరీక్ష సులువు. చీకటి పడ్డాక గంటా రెండు గంటలు ఆగి టార్చ్ తీసుకెళ్లండి. పెట్టె అంచులు, మూలలు, అడుగు చెక్క కింద చూడండి. ఒక తెల్ల గుడ్డ ముక్క వేలికి చుట్టి సందుల్లో గట్టిగా రుద్దండి. గుడ్డ మీద ఎర్రటి మరకలు పడితే ఇక అనుమానం అక్కర్లేదు.

అదే అయితే ఈ రాత్రే మార్చేయండి. కొత్త అట్టపెట్టె, కొత్త గడ్డి, గోడ బెత్తెడు ఎత్తుకి మించకుండా. పొదిగేటప్పుడు చోటు మారిస్తే పెట్ట గుడ్లు వదిలేయొచ్చు కానీ, పిల్లలు దిగాక భయం లేదు, పిల్లలెక్కడుంటే అక్కడుంటుంది. అట్టపెట్టెను నాలుగైదు రోజులకి పారేసి ఇంకోటి పెట్టండి, అట్ట మడతల్లో కూడా పేను దాక్కుంటుంది. పాత గడ్డి తగలబెట్టండి. పాత పెట్టె సందుల్లో మరుగుతున్న నీళ్లు పోసి ఎండలో పడేయండి. పేను గుడ్లు మిగిలిపోతే మళ్లీ పుడతాయి, కాబట్టి వారానికి ఇంకోసారి పోయండి. రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతికే పురుగు అది. మందు చల్లాలంటే పశువైద్యుణ్ని అడక్కుండా చల్లకండి, పెద్దకోడికి పనికొచ్చే మందు రెండు రోజుల పిల్లని చంపేస్తుంది.

జవాబు

కోడిపేను ఉన్నా లేకపోయినా మీకు పనికొచ్చే మాటలు రెండు.

చల్లబడిన పిల్ల అచ్చం చచ్చినట్టే ఉంటుంది. కాళ్లు బిగుసుకుపోతాయి, కళ్లు మూసుకుంటుంది, ఊపిరి కనిపించదు. వెంటనే వదిలేయకండి. రెండు అరచేతుల మధ్య పెట్టుకోండి, లేదా గోరువెచ్చటి నీళ్లు పోసిన సీసాకి గుడ్డ చుట్టి దాని పక్కన పడుకోబెట్టండి. ముక్కు ఒక్కసారి తెరిచినా ప్రాణం ఉన్నట్టే. బాగా వెచ్చబడి, తనంతట తను నిలబడేదాకా నోట్లో నీళ్లు గానీ మేత గానీ పెట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆకలికి పోతుందని కంగారు అక్కర్లేదు, పొట్టలో పచ్చసొన మిగిలే ఉంటుంది, దాంతో రెండు మూడు రోజులు బతుకుతుంది.

రెండోది, బొక్క పడిన గుడ్డు పక్కన ఖాళీ పెంకులు ఉంచకండి. సగం పెంకు వెళ్లి ఆ గుడ్డు మీద టోపీలా కూర్చుంటుంది. లోపలి పిల్ల ఎంత కొట్టినా ఆ రెండో పెంకు పగలదు, అలాగే ఊపిరాడక పోతుంది. నాకు అలా ఒకటి పోయింది. పిల్ల దిగిన ప్రతిసారీ పెట్ట కిందనుంచి పెంకులు నెమ్మదిగా తీసేయడం అప్పట్నుంచి అలవాటు చేసుకున్నాను.

ప్రశ్న అడిగినవారు

బుధవారం రాత్రి పదకొండున్నర అయింది. ఇప్పుడే లోపలికొచ్చాను, చేతులు ఇంకా దురద పెడుతున్నాయి.

పది గంటలకి టార్చ్ పట్టుకుని వెళ్లాను. మొదట ఏమీ కనిపించలేదు, చెక్క మీద దుమ్ము అనుకున్నాను. ఆ దుమ్ము కదిలింది. పెట్టె అంచు వెంబడి, మేకు కొట్టిన చోట చుట్టూ, ఆవగింజలో పావు కూడా లేని చుక్కలు వరసగా పాకుతున్నాయి. తెల్ల రుమాలు వేలికి చుట్టి అడుగు చెక్కకీ గోడకీ మధ్య సందులో ఒక్కసారి లాగాను. రుమాలు మీద జాన పొడవున ఎర్రటి చార పడింది. అదంతా నా పెట్ట రక్తం, నా పిల్లల రక్తం. చూస్తూ చాలాసేపు అలా ఉండిపోయాను. మూడు రోజులుగా ఈ పెట్టకి చేతకాదని తిట్టుకున్నాను. అది రాత్రంతా ఆ కాట్లు భరిస్తూ కూడా గూడు దిగి పోలేదు.

మీరు చెప్పకపోతే ఇంకోటి కూడా పోయేది. పెట్టె మూలన ఒక పిల్ల విడిగా పడి ఉంది, అమ్మకి బెత్తెడు దూరంలో. చల్లగా, తల వేలాడేసి ఉంది. నిన్నయితే పోయిందనుకుని పక్కన పెట్టేసేదాన్ని. మంగళవారం ఆ నేల మీద దొరికిందాన్ని అలాగే పెట్టేశాను కదా, అదే తలుచుకుంటే గుండె పిండేసినట్టుంది. ఈసారి రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలదాకా ఏమీ లేదు. తర్వాత ఒక కాలి వేళ్లు నెమ్మదిగా ముడుచుకున్నాయి. ఇంకాసేపటికి ముక్కు తెరిచింది, శబ్దం మాత్రం రాలేదు. సీసా పక్కన గుడ్డలో పెట్టాను. ముప్పావుగంటకి లేచి నిలబడి ఒకటే అరుపు. పెట్ట అవతల్నుంచి బదులు పలికింది.

అట్టపెట్టెలోకి మార్చాను. ముందు పిల్లల్నీ బొక్క పడిన గుడ్డునీ పెట్టి, తర్వాత పెట్టని ఎత్తి దించాను. రెండు నిమిషాలు బిత్తరపోయి చూసింది, పిల్లలు కూయగానే కూర్చుంది. మిగతా మూడు గుడ్లు టార్చ్ వెలుగులో చూశాను. ఒకటి లోపల నీళ్లలా కదులుతోంది, మురిగినట్టుంది. పగిలితే అన్నిటికీ అంటుతుందని తీసేశాను. మిగతా రెండూ నల్లగా నిండుగా ఉన్నాయి, కింద పెట్టాను. పోయిన పిల్ల బొడ్డు కూడా చూశాను, ఎండిపోయి శుభ్రంగానే ఉంది. కానీ కాళ్లు, నోటి లోపల తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

గుడ్లలో పిల్లలు ఎన్నాళ్లు ఆగొచ్చు? పెట్ట వాటికోసం కూర్చుంటుందా?

జవాబు

కాళ్లు, నోరు పాలిపోయాయంటే రక్తం తగ్గినట్టే, ఇక సందేహం లేదు.

ఆ రెండూ మధ్యలో వేరే పెట్ట పెట్టినవే అయ్యుంటాయి. నాలుగు రోజులు ఆలస్యంగా చేరాయి కాబట్టి ఇరవై ఐదో రోజు, అంటే రేపు ఎదురుచూడండి. ఇబ్బందేమిటంటే మొదటి పిల్లలు దిగిన ఒకటి రెండు రోజులకే పెట్టకి వాటిని తిప్పాలనిపిస్తుంది, అప్పుడు మిగతా గుడ్లు చల్లబడిపోతాయి. అందుకే రేపు ఒక్కరోజు మేత, నీళ్లు పెట్టె దగ్గరే పెట్టి, బయటికి పోకుండా చుట్టూ అడ్డం కట్టండి. నీళ్లు లోతు లేని పళ్లెంలో, గులకరాళ్లు వేసి, లేకపోతే పిల్లలు మునిగిపోతాయి. మేతగా అందరికీ స్టార్టరే వేయండి. గుడ్ల కోళ్ల మేతలో సున్నం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు దెబ్బతింటాయి. తల్లికి కొన్నాళ్లు స్టార్టర్ తింటే ఏమీ కాదు, ఇన్నాళ్లు సరిగా తినలేదు కాబట్టి మంచిదే.

శుక్రవారం పొద్దునదాకా రాకపోతే ఇక ఆ గుడ్ల మీద ఆశ పెట్టుకోకండి, పెట్టని పిల్లలతో దిగనివ్వండి. ఉన్నవాటిని కాపాడుకోవాలి.

ఇంకొకటి, మిగతా ఐదు పెట్టలు పడుకునే కర్రల కింద, గోడ పగుళ్లలో కూడా రుమాలు పరీక్ష చేయండి. పేను ఒక్క పెట్టెతో ఆగి ఉండదు. ఈసారి పొదగేసినప్పుడు ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో గీత పెట్టండి. గీత లేని గుడ్డు కనిపిస్తే రోజూ తీసేయొచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఎంతమంది ఎదురుచూస్తున్నారో తెలియదు గానీ, చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

బొక్క పడిన గుడ్డు గురువారం మధ్యాహ్నం దిగింది. ఒలవాలని చేతులు ఆగలేదు, అయినా ముట్టుకోలేదు. పొద్దున ఎనిమిదింటికి బొక్క చుట్టూ గీతలా పగలడం మొదలైంది, రెండింటికి తడితడిగా బయటపడింది. సగం పెంకు వెంటనే తీసేశాను. మిగతా రెండు గుడ్లకీ బొక్క పడనే లేదు, శుక్రవారం తీసి పక్కన పెట్టాను.

పడుకునే కర్రల కింద కూడా రుమాలు ఎర్రబడింది. కర్రలన్నీ ఊడదీసి మరుగునీళ్లు పోశాం, గోడ పగుళ్లు మూశాం. పశువైద్యుణ్ని అడిగితే పెద్దకోళ్లకి మందు రాసిచ్చారు, ఈ పెట్టకీ పిల్లలకీ ఇప్పుడే వద్దన్నారు. పాత పెట్టె మాత్రం తగలబెట్టేశాను. మళ్లీ అందులో ఇంకో పెట్టని కూర్చోబెట్టడానికి మనసు రాలేదు.

చోటు మారిన మొదటి రాత్రి మూడుసార్లు లేచి చూశాను. మూడుసార్లూ కూర్చునే ఉంది, కళ్లు మూసుకుని.

ఈరోజు బుధవారం, సరిగ్గా వారం. పొద్దున లెక్కపెట్టాను, నాలుగూ ఉన్నాయి. రుమాలు మళ్లీ రుద్దితే తెల్లగానే వచ్చింది, అయినా సాయంత్రం రెండోసారి నీళ్లు కాచి పోస్తాను. చేతుల్లో బతికిన పిల్ల ఏదో ఇప్పుడు నాకు తెలియదు, నాలుగూ ఒకేలా పరుగెడుతున్నాయి.